జీవామృతం ఫిల్టర్ చేసిన రైతుకు సర్కారు గ్రాంటు వస్తుందా? పాములపాడు నుంచి కొన్ని వివరాలు



ఈ పేజీ పైన వీడియో లింకు ఉంది. అందులో పాములపాడు అన్న మిరప చేను, డ్రిప్పు పైపులు, వాటి కింద వరసగా పెట్టిన నీళ్ళ సీసాలు కనిపిస్తాయి. ఆయన సొంతంగా చేసుకున్న జీవామృతం ఫిల్టర్ మాత్రం కనిపించదు. నీలం డ్రమ్ము మీద గోనెపట్ట కప్పి ఉంటుంది. "అసలు సరుకు దాచిపెట్టి ఇదేం వీడియో" అని మీరు తిట్టుకుంటారని తెలుసు. ఎందుకు దాచామో చెప్పాలంటే కొంచెం పొడుగు కథే ఉంది. మీలో ఎవరైనా కలుపు మిషనో, కషాయాల యంత్రమో, విత్తే గొర్రో సొంతంగా తయారుచేస్తున్నట్టయితే ఇది చివరిదాకా చదవండి.

ఆత్మకూరు, నందికొట్కూరు మధ్యలో ఉంటుంది పాములపాడు. బనకచర్ల రెగ్యులేటర్ ఈ మండలంలోనే. కృష్ణా నీళ్ళు అక్కడికి వచ్చి మూడు దారులు పడతాయి. అయినా కాలువ అందరి చేలకూ ఎక్కదు కదా. మా అన్నది బోరు సేద్యం. నాలుగు ఎకరాల్లో ఎకరన్నర మిరప, డ్రిప్పు మీద. ఆరేళ్ళుగా మందు డబ్బా ముట్టలేదు.

జీవామృతం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. చేత్తో పోసినంత కాలం ఏ బాధా లేదు. డ్రిప్పులో వదిలినప్పుడే అసలు కష్టం. పేడలోని పీచు, ఉడకని పిండి పోయి లేటరల్‌లో కూర్చుంటాయి. వాటి మీద జిగురు కడుతుంది. రెండో ఏడాదికి అన్న చేలో చివరి మొక్కలకు చుక్క పడడం మానేసింది. పైపు కోసి చూస్తే లోపల నల్లటి పేస్టు. అప్పటి నుంచి వదిన, ఆయన కలిసి పాత చీరల్లో వడగట్టేవాళ్ళు. 200 లీటర్లు వడగట్టేసరికి సగం పొద్దు పోయేది.

అందుకని ఆయన ఫిల్టర్ చేయడం మొదలుపెట్టాడు. మొదటిది పగిలింది. రెండోది వడగట్టింది గానీ పది నిమిషాలకే మూసుకుపోయింది. మూడోది పనిచేస్తోంది. స్టీలు జాలీలు, సైకిల్ చైను, వెల్డింగు, ఆత్మకూరుకు తిరుగుళ్ళు అన్నీ కలిపి లక్షా నలభై వేలు అయ్యాయి. అందులో తొంభై వేలు వదిన గాజులు కుదువపెట్టి తెచ్చినవి.

ఈ సంగతి ఎట్లా తెలిసిందో, టౌను నుంచి ఒకాయన వచ్చాడు. సెంట్రల్ గవర్నమెంటు ఇన్నోవేషన్ ఫండు ఉందని, 25 లక్షలు ఇప్పిస్తానని, ముందు ఫైలు ఖర్చు పదిహేను వేలు కట్టమని చెప్పాడు. అన్న నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే మాట. "కట్టమంటావా తమ్ముడూ?"

కట్టొద్దన్నాను. కానీ ఆ మనిషి చెప్పిందంతా అబద్ధం కాదు. డబ్బు నిజంగానే ఉంది. ఎవరికి, దేనికి, ఎట్లా అన్నదే మనవాళ్ళకు సరిగ్గా తెలియదు. అది తెలియకపోవడం మీదే మధ్యవాళ్ళ బతుకు నడుస్తోంది.

చిన్న వ్యాపారాలు కొత్త టెక్నాలజీ చేస్తుంటే సర్కారు పరిశోధన డబ్బు ఇవ్వడం అన్నది పద్ధతి ప్రకారం అమెరికాలో 1982లో చట్టంగా వచ్చింది. పెద్ద పరిశోధన బడ్జెట్ ఉన్న ప్రతి కేంద్ర శాఖ, అందులో కొంత వాటా చిన్న కంపెనీలకు తీసిపెట్టాలని ఆ చట్టం చెప్పింది. ఆ వాటా 2017 నాటికి 3.2 శాతానికి పెరిగింది. మొదటి దశలో చిన్న మొత్తం ఇచ్చి ఆలోచన నిలుస్తుందా లేదా చూస్తారు. నిలిస్తే రెండో దశలో పెద్ద మొత్తం. మన ఫోన్లలో చిప్పులు చేసే క్వాల్‌కామ్ కూడా చిన్నగా ఉన్నప్పుడు ఈ డబ్బు తీసుకున్నదే.

మన దగ్గర దాదాపు అదే పేరుతో 2005లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఒక పథకం పెట్టింది. స్బిరి అంటారు. 2012లో బైరాక్ అనే సంస్థ ఏర్పడ్డాక ఆ పథకం దాని చేతికి వెళ్ళింది. బైరాక్ వాళ్ళదే 'బిగ్' అని ఇంకొకటి ఉంది, బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్. 18 నెలల పనికి గరిష్ఠంగా 50 లక్షలు. కంపెనీ లేని వ్యక్తి కూడా అప్లై చేయొచ్చు. మనకు దగ్గరలో హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ద్వారా ఇది నడుస్తుంది. ఘనజీవామృతాన్ని నెలల తరబడి నిలవ ఉండే గుళికగా చేయడం, సూక్ష్మజీవుల మిశ్రమాల మీద కొత్త పని చేయడం, ఇట్లాంటివి ఆ దారిలో అడగొచ్చు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే దీని మీద ఒక కన్నేయమనండి.

సేద్యానికి నేరుగా దగ్గరైనది ఆర్‌కేవీవై రఫ్తార్ కింద 2018-19లో మొదలైన అగ్రి స్టార్టప్ కార్యక్రమం. టౌను ఆయన చెప్పిన 25 లక్షలు ఇందులోదే. ఆయన చెప్పనిది ఏమిటంటే, ఆ అంకె చివరి మెట్టు మీద ఉంది. ముందు రెండు నెలల శిక్షణ, అప్పుడు నెలకు 10,000 భృతి. తర్వాత ఆలోచనను నమూనాగా మార్చే దశలో గరిష్ఠంగా 5 లక్షలు. సరుకు తయారై, మార్కెట్‌కు పోయే దశలో గరిష్ఠంగా 25 లక్షలు. కొంత వాటా మన చేతిది పెట్టుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా కమిటీ ముందు నిలబడి చెప్పుకోవాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ ఈ కార్యక్రమానికి దేశంలో ఉన్న నాలెడ్జ్ పార్ట్‌నర్లలో ఒకటి. మనకు పెద్ద దూరమేమీ కాదు.

ఇవి కాక నమూనా తయారీకి గరిష్ఠంగా 10 లక్షలిచ్చే నిధి ప్రయాస్ ఉంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనాకు 20 లక్షల దాకా గ్రాంటు ఉంది, కానీ దానికి రిజిస్టరైన, గుర్తింపు పొందిన స్టార్టప్ కావాలి. 2025లో కేంద్రం ప్రకటించిన లక్ష కోట్ల పరిశోధన నిధి గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అది మనలాంటి వాళ్ళకు చేతికిచ్చే గ్రాంటు కాదు. ప్రధానంగా ప్రైవేటు పరిశోధనకు తక్కువ వడ్డీతో, ఎక్కువ గడువుతో ఇచ్చే పెట్టుబడి. ప్రయోగశాల దాటిన టెక్నాలజీలకు. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ఇవన్నీ ఆ రోజు అన్న ఇంటి అరుగు మీద కూచుని చెప్పాను. వదిన వక్కలు కత్తిరిస్తూ వింటోంది. అంతా విని అడిగింది. "మేము పెట్టిన లక్షా నలభై వేలు అందులో ఎప్పుడిస్తారు?"

ఇవ్వరని చెప్పాల్సి వచ్చింది.

మా సీమలో డబ్బును లెక్క అంటాం. వదిన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "అయితే నా గాజులు ఆ లెక్కలోకి రావా?"

రావు. మనవాళ్ళు పెట్టే అర్జీల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. "నేను యంత్రం కనిపెట్టాను, ఇంత ఖర్చయింది, ఇప్పించండి" అని రాస్తారు. అది సబ్సిడీ అడిగే పద్ధతి. డ్రిప్పుకు, స్ప్రేయర్‌కు అడిగి అడిగి మనకు అదే అలవాటైంది. పరిశోధన గ్రాంటుకు ఆ భాష పనికిరాదు. చేసేసిన పనికి ఈ డబ్బు రాదు, సాధారణంగా పాత అప్పు తీర్చడానికి, స్థలం కొనడానికి, షెడ్డు కట్టడానికి కూడా రాదు. మన వస్తువులో ఇంకా తేలని ప్రశ్న ఏదో రాసి, దాన్ని తేల్చడానికి అయ్యే ఖర్చు అడగాలి. కమిటీలో కూచున్నవాళ్ళు చూసేది ఆ ప్రశ్ననే.

అన్న ఫిల్టర్‌లో తేలని ప్రశ్న ఏముంది? "పనిచేస్తోంది కదా, ఇంకేం ప్రశ్న" అన్నాడాయన. సాయంత్రం దాకా కూచుంటే రెండు తేలాయి.

మొదటిది, ఎన్ని తడుల దాకా పనిచేస్తుంది? ఇప్పటికి ఆరుసార్లు వదిలాడు. ఇరవైసార్లు వదిలాక చివరి డ్రిప్పర్‌లో నీళ్ళు ఎంత పడతాయి? దీన్ని కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే ఆరు నిమిషాల్లో 400 మిల్లీలీటర్లు పడాలి. 2 లీటర్లదైతే 200. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో సీసాలు పెట్టి, ఫోన్‌లో టైము చూసి కొలిచి రాసుకోవడమే. మూడు లైన్లకు ఫిల్టర్ చేసిన జీవామృతం, మూడు లైన్లకు చీరలో వడగట్టింది, మూడు లైన్లకు ఉత్త నీళ్ళు. వీడియోలో మీరు చూసే సీసాలు అవే. మంచినీళ్ళ సీసాలే, పైన కోసినవి.

రెండోది నాకు తట్టింది కాదు, ఆయనే అడిగాడు. "ఇంత సన్నంగా వడగడితే లోపలి జీవాలు పోతాయేమో?" మామూలు డ్రిప్పు జాలీ కన్నాల ముందు బాక్టీరియా ఎంత? జాలీ కన్నం 130 మైక్రాన్లనుకుంటే బాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లు. విడిగా ఉన్నవి సులభంగా దాటిపోతాయి. కానీ పేడ రేణువులకు అతుక్కున్నవి? అవి పైనే ఆగిపోతాయి కదా. ఎన్ని దిగుతున్నాయి, ఎన్ని ఆగుతున్నాయి అన్నది ల్యాబులో లెక్కపెడితేనే తెలుస్తుంది. ఫిల్టర్‌కు ముందు, తర్వాత శాంపిళ్ళు, మూడు నాలుగు విడతలు. ఈ ఖర్చు రైతు భరించేది కాదు. ఇదిగో, గ్రాంటు అడగాల్సింది దీనికి. ఆ ప్రశ్న అన్న నోట వచ్చినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. ఏ ఇంగ్లీషు ప్రజెంటేషన్‌లోనూ అంతకంటే మంచి ప్రశ్న ఉండదు.

ఇక గోనెపట్ట సంగతి. ఇందులో నా తప్పు కూడా ఉంది, చెప్పుకుంటాను. కొన్నేళ్ళ కింద ఒక మిత్రుడు చేసిన కలుపు పరికరం మీద వీడియో తీసి పెట్టాను. ప్రతి బోల్టూ దగ్గర నుంచి చూపించాను. జనం బాగా చూశారు, నేను పొంగిపోయాను. ఒక సీజను తిరిగేసరికి దూరపు ఊళ్ళో ఒక వర్క్‌షాపు అచ్చం అదే చేసి అమ్మడం మొదలుపెట్టింది. మిత్రుడు పేటెంటు కోసం పోతే, మీరే లోకానికి చూపించేశారు, ఇక కొత్తదెట్లా అవుతుందని అడిగారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మన చట్టం అంతే. దరఖాస్తు పెట్టే నాటికి ఆ వస్తువు ఎక్కడా బయటపడి ఉండకూడదు. వీడియో పెట్టడం బయటపెట్టడమే. కాబట్టి ముందు ప్రొవిజనల్ దరఖాస్తు, తర్వాతే వీడియో. పూర్తి డిజైను తేలకపోయినా, ఇప్పటిదాకా ఉన్నదాన్ని బొమ్మలతో వివరించి ప్రొవిజనల్ వేయొచ్చు. ఆ తేదీ మనదవుతుంది. 12 నెలల లోపు పూర్తి దరఖాస్తు వేయాలి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది. ఏజెంటును పెట్టుకుంటే ఆయన ఫీజు వేరే. తర్వాత పరీక్షకు, ఇంకా వేరే ఫీజులు ఉంటాయి.

ఒక మాట మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. సేద్యం చేసే పద్ధతికి మన దేశంలో పేటెంటు ఇవ్వరు. చట్టంలోనే ఉంది, సెక్షన్ 3లో. సంప్రదాయ జ్ఞానానికీ ఇవ్వరు. కాబట్టి జీవామృతం పాళ్ళ మీద, కషాయం మీద, నవధాన్యాలు చల్లే వరస మీద ఎవరికీ హక్కు రాదు. రాకూడదు కూడా. ఆ జ్ఞానాన్ని వీడియోల్లో ఎంతైనా పంచుకోండి, నేనూ పంచుతూనే ఉంటాను. యంత్రం మాత్రం వేరు. యంత్రం వెనక ఒక ఇంటి గాజులు ఉంటాయి.

ఇందులో నాకు నచ్చని సంగతి కూడా ఒకటి ఉంది. ఈ పథకాలన్నీ యంత్రానికి, అమ్ముడుపోయే సరుకుకు డబ్బు ఇస్తాయి. బయట ఏమీ కొననవసరం లేని పద్ధతిని ఒక రైతు కనిపెడితే దానికి స్టార్టప్ గ్రాంటులో చోటు లేదు, ఎందుకంటే అమ్మడానికి ఏమీ లేదు. మన సేద్యంలో అసలు విలువైనవి చాలావరకు అవే. వాటిని పరీక్షించే బాధ్యత రైతు సాధికార సంస్థ, నంద్యాల పరిశోధన స్థానం, యాగంటిపల్లె కేవీకే లాంటివాటి మీదే పెట్టాలి. సూర్యనంది కొర్ర మన నంద్యాల స్థానం నుంచి వచ్చిందే. కోత మిషనుకు అందేటంత ఎత్తు పెరిగే శనగ కూడా అక్కడిదే. ప్రజల డబ్బుతో పని జరిగింది, విత్తనం ఊళ్ళకు చేరింది. అట్లా అడగాల్సినవి అక్కడ అడగాలి, గ్రాంటు కమిటీ దగ్గర కాదు.

మరి పెద్ద చదువు, కంపెనీ, ఇంగ్లీషు లేని మనిషికి దారి ఏది? చింతకింది మల్లేశం గారిని గుర్తు తెచ్చుకోండి. ఆలేరు దగ్గర శారాజీపేట. తల్లి లక్ష్మి గారు చీర చీరకూ ఆసు పోయడానికి చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పి భుజం పోగొట్టుకుంటుంటే, ఆయన 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. ఆ ఏడేళ్ళూ చేతి డబ్బు, అప్పులే. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా వచ్చింది. మనం చప్పట్లు కొట్టాం. నేను మాత్రం ఆ ఏడేళ్ళ దగ్గరే ఆగిపోతాను. మూడో ఏట ఎవరైనా ఒక చిన్న మొత్తం చేతిలో పెట్టి ఉంటే ఎన్నేళ్ళు ముందే ఆ యంత్రం ఎన్ని ఇళ్ళకు చేరేదో కదా.

మల్లేశం గారి లాంటి వాళ్ళను వెతికి పట్టుకోవడానికే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. 2000లో మొదలైంది, గుజరాత్ గాంధీనగర్ దగ్గర ఉంటుంది, కేంద్ర సైన్స్ శాఖ కిందిది. డిగ్రీ, సంస్థ అండ లేకుండా సొంత బుర్రతో చేసినవాళ్ళే వాళ్ళకు కావాలి. నచ్చితే పేటెంటు దరఖాస్తు పని, పరీక్షలు వాళ్ళు చూస్తారు. సిడ్బీతో కలిసి 2003లో పెట్టిన చిన్న పెట్టుబడి నిధి కూడా ఉంది, తాకట్టు అడగరు. హైదరాబాద్‌లోని పల్లె సృజన వాళ్ళు వీళ్ళకూ మన పల్లెలకూ మధ్య వంతెన. ఊళ్ళ వెంట నడుస్తూ శోధయాత్రలు చేస్తారు, తెలుగులో మాట్లాడితే చాలు. మా అన్నకు నేను ముందు చూపించింది ఈ దారినే. రఫ్తార్ శిక్షణ ఆ తర్వాత.

యంత్రం చేసినవాళ్ళకు ఇంకో కబురు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రేపు మీ యంత్రం అమ్మకానికి పోవాలంటే పరీక్ష రిపోర్టు అడుగుతారు. అది మన సీమలోనే ఉందని చాలామందికి తెలియదు.

అప్లై చేయడానికి ఈ పథకాల్లో వేటికీ మధ్యవాళ్ళకు రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. స్టార్టప్ గుర్తింపు ఉచితం. డబ్బు వస్తే విడతలుగా వస్తుంది, మొదటి విడత పని చూపిస్తేనే రెండోది. ప్రతి బిల్లూ దాచాలి. లెక్క రావాలంటే లెక్క చెప్పాలి. అన్న దగ్గర ఇప్పటిదాకా చేసిన ఖర్చుకు ఉన్న బిల్లులు ఎన్నో తెలుసా? మూడు. వెల్డింగు షాపులో సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చింది ఒకటి. ఇప్పుడు వదిన ఒక నోట్‌బుక్ పెట్టింది. సీసాల కొలతలు ముందు నుంచి, ఖర్చులు వెనక నుంచి. ఆమె చేతిరాత ఆయనదానికంటే బాగుంటుంది.

ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చామంటే, పదిహేను వేలు టౌను ఆయనకు కట్టలేదు. ప్రొవిజనల్ దరఖాస్తు వేశాం, నంబరు వచ్చింది. పల్లె సృజన వాళ్ళకు వివరాలు పంపాం, వాళ్ళు వచ్చి చూడాలి. గాజుల మీద వడ్డీ కట్టి రెన్యువల్ చేశారు. మిరప అమ్మాకే వాటిని విడిపించాలి, అందులో గ్రాంటు పాత్ర ఏమీ లేదని వదినకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. ఎనిమిదో తడి కొలతలు అయ్యాయి. చీరలో వడగట్టిన లైన్లలో చివరి సీసాకు నీళ్ళు తగ్గడం కంటికి కనిపిస్తోంది. ఫిల్టర్ లైన్లలో ఇంకా కనిపించలేదు. ఇరవై దాకా ఆగి అంకెలన్నీ ఒకేసారి పెడతాను.

దరఖాస్తు వేశారు కదా, మరి గోనెపట్ట ఎందుకు తీయలేదంటారా? తీద్దామనే పోయిన ఆదివారం కెమెరా పట్టుకుని పోయాను. అప్పటికే ఆయన జాలీ కడిగే పిడి మార్చేశాడు. పాతదానికంటే ఇది చాలా బాగుంది. కానీ కాగితంలో రాసింది పాత పిడి. రాసినదానికే రక్షణ, రాయనిదానికి లేదు. కొత్త పిడి బొమ్మ గీసి ఇంకో దరఖాస్తు వేసేదాకా గోనెపట్ట అట్లాగే ఉంటుంది.